పదహారు డిగ్రీల్లో చెమట

ముందే చెప్పేస్తున్నాను, మా ఇంట్లో ఏసీకి ఏ జబ్బూ లేదు. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు ఒక ఎండాకాలమంతా పట్టింది. మెకానిక్ మూడుసార్లు మా గడప తొక్కాడు, మా అమ్మ మే నెలలో మంకీ క్యాప్ పెట్టుకుంది. ఇదంతా నా మొండితనం వల్లే జరిగిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మొండితనం ఏమిటండీ, నాకు చెమట పట్టింది! చెమట పట్టినవాడు ఏసీని కాక ఇంకెవర్ని తిడతాడు?

కాప్రాలో మాది రెండు పడగ్గదుల ఫ్లాటు. ఏసీ మాత్రం ఒక గదిలోనే ఉంది. ఎండలు ముదరగానే మా అమ్మ మడత మంచం ఆ గదిలోకి వచ్చేస్తుంది. గోడవారగా అమ్మ, పెద్ద మంచం మీద కిటికీ వైపు నేను, మధ్యలో మా ఆవిడ. మృగశిర కార్తె దాకా మా ఇంట్లో ఇదే ఏర్పాటు, ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా రిమోట్ దగ్గరే వచ్చింది.

నేను పదహారు పెట్టేవాణ్ని. అంతకంటే కిందకి ఆ రిమోట్ వెళ్లదు కాబట్టి పదహారు, వెళ్తే ఇంకా కిందకే పెట్టేవాణ్ని. మా ఆవిడ రెండు రగ్గులు కప్పుకునేది. అమ్మ స్వెట్టరు తొడుక్కుని, చెవుల్లో దూది కుక్కుకుని, పైనుంచి మంకీ క్యాప్ లాక్కుని, ఇక ఆ రాత్రికి ప్రపంచంతో పని లేనట్టు పడుకునేది. ఆ చలిలో నేను ఒక్కణ్నే తడిసి ముద్దయ్యేవాణ్ని. ముఖాన రెండు బొట్లు కాదండీ, మెడ, ఛాతీ, వీపు, కింద దుప్పటి, తల కింద దిండు, అన్నీ. బనియన్ పిండితే బకెట్లో చప్పుడు వినపడేది. రాత్రికి మూడు బనియన్లు మార్చేవాణ్ని. పొద్దున్నే దండెం నిండా నా బనియన్లు చూసి పక్కింటాయన "ఏం సార్, జిమ్ షురూ చేసిండ్రా?" అని అడిగాడు. అవునన్నాను. ఆయన ఎక్కిన లిఫ్టు తలుపు మూసుకునేదాకా పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డాను.

వీధి చివర డాక్టరు రక్తం తీయించి షుగరూ లేదు, థైరాయిడూ లేదు అన్నాడు. మా అమ్మ ఆ కాగితాలు నమ్మలేదు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిష్టి తీసి పొయ్యి మీద వేసింది. దిష్టి ఉంటే మిరపకాయలు ఎంత మాడినా ఘాటు రాదని ఆవిడ లెక్క. ఘాటు బ్రహ్మాండంగా వచ్చింది. ముగ్గురం బాల్కనీలోకి పరుగెత్తి పావుగంట దగ్గాం. దిష్టి లేదని తేలింది. షుగరు లేదు, థైరాయిడు లేదు, దిష్టి లేదు, ఇక మిగిలింది ఏసీ.

నిజం చెప్పాలంటే అసలు సంగతి మా ఆవిడ ఒకసారి చెప్పబోయింది. అప్పటికి రెండేళ్ల కిందట, పొద్దున్న ఇడ్లీలు తింటుండగా, "ఏవండీ, రాత్రి మీకు నిద్రలో ఊపిరి ఆగి..." అంది. అంతే, అమ్మ చేతిలో చట్నీ గరిటె గాల్లో ఆగిపోయింది.

"ఏమిటే ఆ మాటలు, పొద్దున్నే! మొగుడి గురించి అనే మాటేనా అది? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, తెలీదూ? లెంపలేసుకో!"

మనం ఏదంటే దానికి తథాస్తు అనేసి పోయే ఆ దేవతలు మా అపార్టుమెంటులోనే ఎక్కడో కాపురం ఉంటారని మా అమ్మకి గట్టి నమ్మకం. మా ఆవిడ లెంపలేసుకుంది. నేను "ఏదో పీడకల వచ్చుంటుంది నీకు" అని ఇంకో ఇడ్లీ వేసుకున్నాను. మళ్లీ ఆవిడ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ వారం నుంచే మా ఆవిడకి రాత్రిపూట భక్తి మొదలైంది. నిద్రలో ఎక్కడో లోతు నుంచి పైకి వస్తుంటే పక్కన సన్నగా "రామ, రామ, రామ" అని వినిపించేది. ఆ వెంటనే డొక్కలో మోచెయ్యి. నేను ఉలిక్కిపడి లేచేవాణ్ని, ఒళ్లంతా చెమట, గుండె దడదడ. "జపం చేసుకునేదానివి చేసుకో తల్లీ, నన్ను పొడవడం దేనికి?" అని కసురుకునేవాణ్ని. "గురక పెడుతున్నారు" అని అటు తిరిగిపోయేది. కోడలికి భక్తి కుదిరిందని నేను చెబితే అమ్మ పొంగిపోయి రామకోటి రాసుకునే పుస్తకం కొని తెచ్చింది. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, దాని మీద ఆవకాయ జాడీ పెట్టింది. పగలు రామకోటి మీద ఆవకాయ పెట్టి రాత్రి జపం చేసే భక్తురాల్ని నేనెక్కడా చూడలేదు.

ఇక పగళ్ల సంగతి. రెజిమెంటల్ బజార్‌లో నాకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. కంటి పరీక్ష కూడా నేనే చేస్తాను. ఒకరోజు ఒక పెద్దాయనకి అద్దాలు మార్చి మార్చి చూసే ఇనప ఫ్రేము తగిలించి, గోడ మీద అక్షరాలు పైనుంచి చదవండి అన్నాను. ఆయన చదవడం మొదలుపెట్టాడు. చివరి వరస దాకా చదివాడట. నేనేం మాట్లాడకపోయేసరికి మళ్లీ పైనుంచి చదివాడట. మూడోసారి కింద దుకాణం చిరునామా కూడా చదివి, నా భుజం తట్టాడు.

"సార్, నాకు మంచిగనే కనిపిస్తున్నది. మీకే కండ్లు తెరుస్తలేవు."

చచ్చేంత సిగ్గేసింది. రాత్రి సరిగ్గా నిద్ర లేదండీ, ఇంట్లో ఏసీ పాడైంది అన్నాను. పొద్దున్న లేస్తే తలనొప్పి, గొంతు ఎండుకుపోవడం, స్కూటరు మీద సిగ్నల్ దగ్గర ఆగితే వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా కునుకు, అన్నిటికీ నా దగ్గర ఒకటే జవాబు. ఏసీ.

మా దుకాణానికి రెండు గడపల అవతలే ఏసీ మెకానిక్ ఉంటాడు, నలభై ఏళ్ల మనిషి, నిదానస్తుడు. మొదటిసారి వచ్చి "ఫిల్టర్ల దుమ్ము జమైంది సార్, అంతే" అని కడిగి వెళ్లాడు. ఆ రాత్రీ మూడు బనియన్లే. రెండోసారి పిలిస్తే బయట పెట్టె విప్పి, మూసి, లోపలికొచ్చి అమ్మని చూపించాడు. "గ్యాస్ ఫుల్లున్నది సార్. పెద్దమ్మను జూడుండ్రి, చలికి గజగజ వణుకుతున్నది. ఇంకేం జెయ్యమంటరు?"

"మా అమ్మ వణకడం కాదయ్యా, నాకు చెమట ఆగాలి" అన్నాను.

మర్నాడు కాఫీ తాగుతుండగా అమ్మ పంచాయితీ పెట్టింది. మంకీ క్యాప్ అప్పటికి ఇంకా తీయలేదు, అందులోంచే మాట్లాడింది.

"ఒరే, ఈ ఆదివారం లోపల ఆ ఏసీ సంగతి తేల్చు. లేదంటే నువ్వు హాల్లో ఫ్యాను కింద పడుకో. మీ నాన్న పోయినప్పుడు కూడా నాకింత చలి వెయ్యలేదు."

నాకు కడుపు మండింది. హాల్లో సోఫా నా నడుము దాకానే ఉంటుంది, కాళ్లు స్టూలు మీద పెట్టుకోవాలి. అదొక్కటే కాదు. పెళ్లయినప్పటినుంచీ నా పక్కన మా ఆవిడ లేకుండా నేను పడుకున్న రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా గదిలోంచి, నా మంచం మీదనుంచి నన్నే గెంటేస్తారా! అయినా నాకు దిక్కెవరు? రోజూ నా గురకతో విసిగిపోయే మనిషి, రెండు రగ్గుల కింద ముడుచుకునే మనిషి, చప్పట్లు కొట్టి ఒప్పుకుంటుందనుకున్నాను.

"వద్దత్తయ్యా" అంది మా ఆవిడ. "ఆయన హాల్లో వద్దు."

"నీకు మాత్రం నిద్రుందిటే? కళ్ల కింద చూడు ఎలా నల్లబడ్డాయో!"

"అయినా సరే. ఆయన నా పక్కనే పడుకోవాలి."

గొంతు పెంచలేదు గానీ, ఆ మాటకి అమ్మ కూడా కాఫీ గ్లాసు కిందపెట్టింది. నేను మాత్రం ఉబ్బి తబ్బిబ్బయ్యాను. ఈ వయసులో, ఈ పొట్టతో, మూడు బనియన్లు తడిపేవాడి మీద ఇంత ప్రేమా! ఆ రోజు దుకాణానికి వెళ్లేముందు రెండుసార్లు తల దువ్వుకున్నాను.

అయినా అమ్మ గడువు గడువే. ఆదివారం మధ్యాహ్నం మెకానిక్‌ని మూడోసారి పిలిచాను. అతను చిన్న థర్మామీటరు పట్టుకొచ్చి గది నాలుగు మూలలా పెట్టి చూశాడు. తల గోక్కున్నాడు.

"ఇయ్యాల జెర మీరు పండుకోని చూపియ్యుండ్రి సార్. మీ మీదికి గాలి యాడ తాకుతలేదో జూస్తా."

పండుకోమంటే నాకేం బాధ? అప్పుడే ముద్దపప్పు, ఆవకాయ, మీగడ పెరుగు వేసుకుని తిన్నాను. వెల్లకిలా పడుకుని "ఇదిగో, ఇక్కడ భుజం దగ్గర చూడు..." అన్నంతవరకే నాకు గుర్తుంది.

అరికాల్లో ఏదో గుచ్చుకుంటే లేచాను. మెకానిక్ స్క్రూడ్రైవరు పిడితో పొడుస్తున్నాడు. అతని పక్కన మా ఆవిడ. ఈ పక్కన అమ్మ, మధ్యాహ్నం కాబట్టి దూదీ లేదు, మంకీ క్యాప్ చేతిలో ఉంది. ముగ్గురూ నా మీదకి వంగి చూస్తున్నారు. నా చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"చూశావా!" అన్నాను విజయగర్వంతో. "పట్టిందా లేదా చెమట?"

"పట్టింది సార్. కోపం జెయ్యనంటే ఒక మాట జెప్త. ఏసీల ఏం ఫరక్ లేదు. ట్రిప్పయితున్నది మీరే."

"ఏమిటయ్యా నువ్వనేది?"

"గురక మంచిగ ఒస్తుంటది, ఒస్తుంటది, ఒక్కపారే బంద్. మొత్తం బంద్. కడుపు ఎగురుతుంటది గని గాలి ఆడది. మల్ల ఒళ్లంత ఒక్క ఝట్కా ఇచ్చి షురూ అయితది. గా ఝట్కాకే మీకు చెమటలు. కంప్రెసర్ గిట్ల ట్రిప్పయితే మేం ఊకోం సార్, విప్పి జూస్తం. మా మామకు సుత గిదే తక్లీఫ్ ఉండె. డాక్టరు ముక్కుకు మిషిన్ పెట్టిండు, ఇప్పుడు ఖుషీగున్నడు."

నా కోపం నషాళానికి అంటింది. నిన్ను ఏసీ చూడమంటే నన్ను చూస్తావేమిటి, నేనేమన్నా స్ప్లిట్ ఏసీనా, నాకేమన్నా వారంటీ కార్డుందా, అని నోటికొచ్చింది వాగాను. అతను నిదానంగా స్క్రూడ్రైవర్లన్నీ సంచిలో సర్దుకున్నాడు. "పరేషాన్ గాకుండ్రి సార్. ఏసీకి ఏమన్నయితే నేనున్న. మీకు నేను జాలను" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అమ్మ నావైపు చూడలేదు. కోడలి వైపు చూసింది.

"ఆ రోజు ఇడ్లీల దగ్గర నువ్వు చెప్పబోయింది ఇదేనా?"

"అవునత్తయ్యా."

అమ్మ మంకీ క్యాప్‌ని నాలుగు మడతలు పెట్టింది. మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టింది. "రేపే డాక్టరు దగ్గరికి పొండి" అంది.

బేగంపేటలో నిద్ర జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆ డాక్టరమ్మకి ముప్పై ఐదేళ్లుంటాయేమో. నా మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది, నోరు తెరిపించి టార్చి వేసింది. చెమట గురించి నేను ఏసీతో మొదలుపెట్టి ఏకరువు పెట్టాను. పాత రక్తపరీక్షల కాగితాలన్నీ తిరగేసి, అప్పుడు చెప్పింది. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుందట. ఊపిరి అందక ఒళ్లు బెదిరిపోయి, ఎలాగైనా నన్ను లేపాలని గుండెని పరుగెత్తిస్తుందట. ఆ కంగారుకి పట్టే చెమట ఇది.

"గదిలో పదహారు పెట్టినా, మీరు వెళ్లి ఫ్రిజ్‌లో పడుకున్నా పడుతుంది" అంది డాక్టరమ్మ. "ఊపిరి ఎంతసేపు ఆగుతోందో ఇంట్లో ఎవరైనా గమనించారా?"

నేను లేదన్నాను. మా ఆవిడ ఒకసారి పైకప్పు కేసి చూసింది, ఏ దేవతలైనా ఉన్నారేమోనని కాబోలు. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"మామూలుగా పన్నెండు రామలండీ. వెల్లకిలా తిరిగితే ఇరవై దాకా పోతుంది. పాతిక దాటితే నేను మోచేత్తో పొడుస్తాను."

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది. "రామలు అంటే?"

"రామ, రామ అని లెక్కపెడతానండీ. ఆగిపోయింది అని నోటితో అనకూడదు కదా, మా అత్తయ్యగారు తథాస్తు దేవతలు ఉంటారంటారు. రామ అంటే ఆ దేవతలు తథాస్తు అన్నా మంచిదే కదా అని."

డాక్టరమ్మ నవ్వలేదు. చేతి గడియారం చూసుకుంటూ "ఏదీ, రాత్రి ఎలా అంటారో అలా అనండి" అంది. మా ఆవిడ కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. రామ, రామ, రామ. అదే గొంతు. నేను భక్తి అనుకున్న గొంతు. "ఒక్కోటి సుమారు సెకను" అని డాక్టరమ్మ రాసుకుంది. "అన్నిటికంటే ఎక్కువ ఎన్ని?"

"పోయిన నెల్లో ఒకసారి ముప్పై ఎనిమిది. ఆ రోజు మోచేతికి కదల్లేదు. రెండు చేతుల్తో పట్టుకుని కుదిపేశాను."

ఆ రాత్రి నాకు గుర్తుంది. నన్ను బతకనివ్వవా, అని అరిచాను ఆవిడ మీద.

ముప్పై ఎనిమిది ఎంతో నాకు తెలియాలనిపించింది. అక్కడే, డాక్టరమ్మ ముందే, "ఇంకోసారి లెక్కపెట్టు" అన్నాను. నిండా గాలి పీల్చి ముక్కు మూసుకున్నాను. ఆవిడ రామ, రామ అంటోంది, డాక్టరమ్మ వేళ్లు మడుస్తోంది. పదిహేనుకి చెవులు హోరెత్తాయి. ఇరవైకి కళ్లు బయటికొచ్చాయి. ఇరవై రెండుకి భుస్సున గాలి వదిలేసి బల్ల పట్టుకుని రొప్పాను. బల్ల మీది కాగితాలు ఎగిరిపోయాయి. మా ఆవిడ మాత్రం అలవాటు కొద్దీ ఇంకా లెక్కపెడుతూనే ఉంది. ఇంకా పదహారు ఉన్నాయి మరి.

అవి అయ్యేదాకా నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను.

తర్వాతిదంతా చకచకా జరిగింది. ఒక రాత్రి ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, ముక్కులో గొట్టం పెట్టుకుని ఇంట్లోనే పడుకున్నాను. మర్నాడు అందులో వచ్చిన గీతలు చూసి డాక్టరమ్మ, మీ ఆవిడ లెక్క సరిగ్గానే ఉంది అంది. ముక్కుకి మాస్కు, దానికి పొడుగాటి గొట్టం, గొట్టానికి చిన్న మిషను. నిద్రలో దారి మూసుకుపోకుండా అది గాలి కొడుతూ ఉంటుంది. దాన్ని తగిలించుకుని అద్దంలో చూసుకుంటే నాకే భయం వేసింది.

"బానే ఉందిరా" అంది అమ్మ కాసేపు పరిశీలించి. "తొండం వచ్చింది. వినాయకుడిలా ఉన్నావు."

ఏసీ ఇరవై ఆరు పెట్టాను. పడుకునేముందు మా ఆవిడతో, "ఇవాళ్టినుంచి లెక్కపెట్టకు, పడుకో" అన్నాను. మాస్కు లోంచి అది ఎలా వినపడిందో ఏమో, సరే అంటూనే మోచెయ్యి తెచ్చి నా డొక్కకి ఆనించి పెట్టుకుంది.

కళ్లు తెరిచేసరికి తెల్లారింది. బనియన్ తడిమి చూసుకున్నాను, పొడిగా ఉంది. దిండు తిప్పి చూశాను, పొడిగా ఉంది. తల తేలిగ్గా ఉంది. అమ్మ మంచం మీద మంకీ క్యాప్ లేదు, బీరువాలో పెట్టేసినట్టుంది. ఏడైంది, ఎనిమిదైంది, మా ఆవిడ లేవలేదు. నా పెళ్లయినప్పటినుంచీ ఆరు దాటి పడుకోని మనిషి. నోరు కొంచెం తెరుచుకుని, జుట్టంతా ముఖం మీద పడి, పడ్డచోట పడ్డట్టే ఉంది. అమ్మ వంటింట్లోంచి సైగ చేసింది, లేపకు అని. తొమ్మిదికి దుకాణం తెరవాలి. తెరవలేదు. నేనే కాఫీ కలిపి అమ్మకిచ్చాను. ఒక గుక్క తాగి, ఇది కాఫీ అని ఎలా తెలుస్తుందిరా అని అడిగింది.

పదకొండింటికి గదిలోంచి కేక వినిపించింది.

"ఏవండీ!"

అలాంటి కేక నేను ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. కలుపుతున్న కాఫీ గ్లాసుతోనే పరుగెత్తుకెళ్లాను. మంచం మీద లేచి కూర్చుని, నేను పడుకునే చోట దుప్పటి రెండు చేతుల్తో తడుముతోంది.

"ఉన్నాను, ఉన్నాను. కాఫీ పెడుతున్నాను" అన్నాను.

నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నా బనియన్ పట్టుకుని చూసింది. తర్వాత నా చేతిలో గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది.

"పంచదార వెయ్యలేదు" అని, మొత్తం తాగేసింది.